ఇందులో ఏముంది

"నువ్వు నోరు తెరవక్కర్లేదు. మగ్గం నడుముకి కట్టుకుని కూర్చో, చాలు. అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నాడు షాలిక్ పెళ్ళాంతో, పికప్ బండి వెనకాల మూటల మీద తాడు బిగిస్తూ.

కాతల్ సరేనని తలూపింది. అప్పటికి ఆమె దారికని రొట్టెలు కాల్చింది, మొక్కజొన్న పిండి ముద్దలు అరటాకుల్లో చుట్టింది, షాలిక్ చొక్కాలు మడతలు పెట్టింది, గొర్రెలకి మేత వేసింది, ఆరేళ్ళ కూతురు పాష్కుకి జడలల్లి అత్త చేతికి అప్పజెప్పింది. ఇంత చాకిరీ చేసిన మనిషికి నోటికైనా సెలవు దొరికిందిలే అనుకుని సంతోషించాలో ఏమో. కానీ ఆ మాట ఆమెకి రుచించలేదు. ఎప్పుడూ అంతే. షాలిక్ మామూలుగానే అంటాడు, గొంతు కూడా పెంచడు. ఆమెకే ఆ మాట రోజంతా లోపల తిరుగుతూ ఉంటుంది.

ప్రతి ఏడూ బట్టలమ్మడానికి అతనొక్కడే వెళ్ళేవాడు. ఆమె ఏడాదంతా నేసిన నల్ల ఉన్ని దుప్పట్లు, కుట్టుపని రవికలు బండికెత్తుకుని దేశానికి దక్షిణాన ఉన్న చియాపాస్ కొండలు దిగి, సంత సంతకీ ఆగుతూ ఉత్తరాన పుయెబ్లా పట్నం దాకా పోయి వచ్చేవాడు. ఈసారి పుయెబ్లాలో చేనేత ప్రదర్శన పెట్టినవాళ్ళు, నేసే మనిషి అక్కడ కూర్చుని నేస్తేనే చోటిస్తామన్నారట. అందుకని నడుముకి కట్టుకునే ఆ చిన్న మగ్గంతోపాటు ఆమెనీ ఎక్కించుకున్నాడు. ఊళ్ళో అందరూ మాట్లాడేది తమ కొండభాష త్సోత్సిలే. దారాలు కొనడానికి పట్నం దుకాణానికి పోయినప్పుడు మాత్రం ఆమెకి నాలుగు స్పానిష్ ముక్కలు అవసరమయ్యేవి. దారం, ఎరుపు, నలుపు, ఎంత, వద్దు. అంతకుమించి ఏ మాటైనా షాలిక్ నోటిలోంచి బయటికి పోవాల్సిందే, షాలిక్ నోటిలోంచే ఆమెకి చేరాల్సిందే. బడిలో టీచరు పాష్కు గురించి చాలాసేపు చెప్తే అతను "బాగానే చదువుతోందట" అనేవాడు. ఆస్పత్రిలో డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్తే "ఏం లేదట, వేడి చేసిందట" అనేవాడు. ఇంత పొడుగు మాటలు ఇంత పొట్టిగా ఎలా అయిపోతాయా అని ఆమెకి అనుమానం. అడిగితే, "అదంతా నీకెందుకే, నేను విన్నాగా" అనేవాడు.

సాగనంపడానికి గుమ్మంలోకొచ్చిన అత్త ఆమెతో అన్న మాట ఒక్కటే. "వాడు బండి తోలేటప్పుడు పక్కన కూర్చుని ఏడుపు మొహం పెట్టకు. అసలే ఎండిన చేనుని వెంటేసుకుని పోతున్నాడు."

పాష్కు పుట్టాక ఆమెకి మళ్ళీ నెల తప్పలేదు. ఆ ఇంట్లో ఆమె పేరు ఎండిన చేను.

కొండలు దిగి, ఉక్కపోసే మైదానంలోకొచ్చాక, రాష్ట్రం సరిహద్దు దగ్గర బండి ఆపారు. దక్షిణం నుంచి దొంగతనంగా దేశంలోకి వచ్చేవాళ్ళ కోసం అక్కడెప్పుడూ సోదాలే. నల్లకళ్ళద్దాల మనిషొకడు కిటికీలోకి వంగి ఆమెనే చూశాడు. ఆమె రవికనీ, ఉన్ని పావడానీ, కాళ్ళనీ చూశాడు. ఏదో అడిగాడు. షాలిక్ జవాబిచ్చాడు. ఆ మనిషి చెయ్యెత్తి షాలిక్‌ని ఆపి, మళ్ళీ ఆమెనే అడిగాడు. పేరడుగుతున్నాడని ఆమెకి తెలిసింది. ఊరడుగుతున్నాడని కూడా తెలిసింది. రెండింటికీ జవాబు నాలిక మీదే ఉంది. కానీ తప్పుగా పలికితే దింపేస్తారేమో, ఏదో గదిలో కూర్చోబెడతారేమో, దేశం బయటికి పంపేసి పాష్కుని మళ్ళీ చూడనివ్వరేమో అని ఒకదాని మీద ఒకటి ఆలోచనలొచ్చి పడేసరికి పెదాలు అతుక్కుపోయాయి. అప్పుడు షాలిక్ నవ్వుతూ ఒక మాటన్నాడు. చివర్లో "మూదా" అని వినిపించింది. నల్లకళ్ళద్దాల మనిషి కూడా నవ్వి, పొమ్మని చెయ్యూపాడు.

"ఏమన్నావు?" అని అడిగింది, బండి కాస్త దూరం పోయాక.

"ఏదోటన్నాలే. వదిలేశాడా లేదా? బొమ్మలా బిగుసుకుపోయావు, నా పరువు తీశావు."

కాతల్ కిటికీ వైపు తిరిగింది. ఆ "మూదా"ని మాత్రం ఒదల్లేదు. బండి కుదుపులకి అది జారిపోతుందేమోనన్నట్టు లోపల్లోపల అనుకుంటూనే ఉంది.

హుచితాన్ పట్నంలో గాలి బండినే పక్కకి నెట్టేస్తోంది. అక్కడ ఎండు రొయ్యల గంపలతో నిసేఫోరా ఎక్కింది. ఏటా షాలిక్ బండిలోనే పుయెబ్లా దాకా పోతుందట, పెట్రోలుకి తన వంతు ఇస్తుందట. అరవై దాటిన మనిషి. పెద్ద ఒళ్ళు, పెద్ద గొంతు, పెద్ద పూల రవిక, చెవులకి బంగారు కాసులు. ఆమె ఎక్కేసరికి కాతల్ ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది.

"ఇన్నేళ్ళకి పెళ్ళాన్ని చూపించావా తమ్ముడూ! దాచుకున్నావేం, ఎవరెత్తుకుపోతారని?" అని కాతల్ తొడమీద చరిచి, గడ్డం పట్టుకుని, "పేరేంటి పిల్లా?" అంది.

"దానికి స్పానిష్ రాదు" అన్నాడు షాలిక్.

"నేను నిన్నడగలేదుగా."

కాతల్ పేరు చెప్పింది. అంతే, ఒక్క పేరే. కానీ పొలిమేర దాటినంత పనైంది. నిసేఫోరా తన గుండెలమీద చెయ్యేసుకుని, "నేనూ స్పానిష్‌లో పుట్టలేదే. మాది జపోటెక్ భాష. ఇది బళ్ళో దెబ్బలు తిని నేర్చుకున్నదే" అని చేతులతో కొట్టుకుంటూ, ఏడుపు మొహం పెడుతూ ఆడి చూపించింది. మాటలు సగమే అర్థమయినా కాతల్ నవ్వింది. ఇంటి గడప దాటాక అదే మొదటి నవ్వు.

సాయంత్రం సంతలో దుప్పట్లు పరుస్తూ, షాలిక్ దూరంగా ఉండటం చూసుకుని, ఆమె నిసేఫోరా పక్కకి జరిగింది. "మూదా" అంది. ఏమిటది అన్నట్టు చేతులు తిప్పింది. నిసేఫోరా అరచేత్తో తన నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపింది. మూదా అంటే మూగది. పెద్దగా నవ్వి, "ఎవరన్నారు? ఎవర్నన్నారు?" అంది. కాతల్ వేలితో తనని చూపించుకుంది. తర్వాత షాలిక్ వేపు చూపించింది. నిసేఫోరా నవ్వు ఆగిపోయింది. రొయ్యల గంప మీది గుడ్డ సర్దింది. తర్వాత ఒక రొయ్యని తీసి కాతల్ చేతిలో పెట్టి దాని పేరు చెప్పింది. గంప పేరు చెప్పింది. గాలి పేరు, దుమ్ము పేరు, చెప్పు పేరు. షాలిక్ వచ్చేదాకా చెప్తూనే ఉంది.

అలా మొదలైంది. బండి ఒక్కో ఊరి సంతలో రోజుల తరబడి ఆగుతూ ఉత్తరానికి పోతోంది. కాతల్ పొద్దున్నే రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించేది. ముగ్గురికీ వండి పెట్టేది, షాలిక్ చొక్కా ఉతికి బండి అద్దం మీద ఆరేసేది, సరుకు దింపి, పరిచి, దుకాణం ముందు మగ్గం కట్టుకుని పొద్దుగూకేదాకా నేసేది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే చెవులు మాటల వెంట పరిగెత్తేవి. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు తమలో తాము ఏమనుకుంటున్నారో వినేది. "బావుంది, కానీ గుచ్చుకుంటుందేమో." "దీన్ని మీ అత్తకిద్దాం, గుచ్చుకున్నా పర్లేదు." ఇది అర్థమైనప్పుడు పగలబడి నవ్వబోయి, మగ్గం మీదికి వంగి దాచుకుంది. జవాబివ్వాలని మాత్రం ఎంత ఆరాటపడ్డా, మాట కూడగట్టుకుని నోటిదాకా తెచ్చేసరికి ఆ మనిషి నాలుగు దుకాణాలు దాటిపోయేది. అప్పుడు ఆ మాట గొంతులోనే ఉండి వేడెక్కేది. ఒకసారి ధైర్యం చేసి ఒకావిడతో, "ఉన్ని. గొర్రె, నాది. రంగు, మట్టి" అంది. ఆవిడ దుప్పటి కొనుక్కుని పోయింది. షాలిక్ విరగబడి నవ్వాడు. "నువ్వు స్పానిష్ మాట్లాడితే సీమకోడి అరిచినట్టుందే! నాకొదిలెయ్, జనం పారిపోతారు."

"దుప్పటి అమ్ముడుపోయిందిగా" అంది కాతల్ తమ భాషలో.

"జాలిపడి కొంది."

అది నిజమేనేమో అని ఆ రోజంతా ఆమె మగ్గం మీంచి తలెత్తలేదు. అతని మాటలతో వచ్చిన చిక్కే అది. ముల్లులా గుచ్చుకోవు. పిండిలో పడ్డ ఇసుకలా ఉంటాయి, ఎక్కడుందో కనపడదు, పంటికింద పడుతూనే ఉంటుంది.

వహాకా వెళ్ళే కొండదారిలో మలుపు తర్వాత మలుపు. తిండికని ఒక పూటకూళ్ళ పాక దగ్గర ఆగారు. కాతల్ పక్కనే తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. షాలిక్, నిసేఫోరా బల్ల దగ్గర కూర్చుని బీన్స్ కూరతో రొట్టెలు తింటున్నారు.

"ఒక్కతేనా కూతురు? మీ కొండల్లోవాళ్ళకి అరడజనుకి తక్కువుండరే!" అంది నిసేఫోరా.

షాలిక్ కాతల్ వైపు చూడను కూడా చూడలేదు. పక్కనున్నది బండో బల్లో అన్నట్టు, తింటూనే జవాబు చెప్పాడు. ఆ మాటల్లోంచి కాతల్‌కి అందినవి కొన్నే. ఆస్పత్రి. డాక్టరు. లోపల పెట్టారు. "దానికి తెలీదు." ఆ ముక్క మాత్రం పూర్తిగా, స్పష్టంగా వినబడింది. ఆ తర్వాత, "మా అమ్మకి తెలిస్తే నా తోలు తీస్తుంది" అని నవ్వాడు. నిసేఫోరా నవ్వలేదు. తొట్టి వైపు చూసింది. కాతల్ చప్పున గిన్నెలోకి చూసుకుంది. వేళ్ళ మధ్యనుంచి గిన్నె జారి రాయి మీద పడింది.

"చూసి కడుగు, సొట్టపడుతుంది" అన్నాడు షాలిక్ తమ భాషలో.

బండి మళ్ళీ కదిలింది. దానికి తెలీదు, దానికి తెలీదు. ఏం తెలీదు? లోపల ఏం పెట్టారు? పాష్కు పుట్టినప్పటి సంగతి ఆమెకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రెండు రోజులు నొప్పులు. మంత్రసాని చేతులెత్తేస్తే బండిలో పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. తెల్లటి దీపం. నావల్ల కాదు, ఇంక నావల్ల కాదు అని తను అరిచిన అరుపులు అక్కడ ఒక్కరికీ అర్థం కాలేదు. బిడ్డ ఏడుపు వినబడ్డాక కూడా వాళ్ళ చేతులు చాలాసేపు తనలోనే ఉన్నాయి. "ఏం చేస్తున్నారు?" అని తలుపు దగ్గర నిలబడ్డ షాలిక్‌ని అడిగింది. "శుభ్రం చేస్తున్నారు" అన్నాడు. లోపల ఏదైనా మరిచిపోయి కుట్టేశారా? రోగమేదైనా ఉందా? తను చచ్చిపోతుందనే సంగతి ఇతనికి తెలిసి దాస్తున్నాడా? పాష్కుని ఎవరు పెంచుతారు? బండి ప్రతి మలుపులోనూ ఆమె చెయ్యి పొట్టమీదికి పోయేది. ఎప్పుడూ ఉండే పొట్టే, ఇప్పుడు ఎవరిదో మూటని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నట్టుంది.

మర్నాడు సంతలో కాతల్ నిసేఫోరా రవిక అంచు పట్టుకుని లాగింది. "నాకు తెలీదు. నువ్వు తెలుసు. చెప్పు" అంది. మాటలు వంకరగా వచ్చాయని తెలుసు. లెక్కచెయ్యలేదు.

నిసేఫోరా మొహం తిప్పుకుంది. "మొగుడూ పెళ్ళాల మధ్య నేను దూరనే పిల్లా. పైగా అతనన్నది నేను సరిగ్గా విన్నానో లేదో. తప్పు చెప్తే నీ గుండె ఆగిపోతే?" కాతల్ ఆ అంచు వదల్లేదు. ఆ ముసలి కళ్ళల్లో తడి చూసి ఆమెకి మరింత భయమేసింది. చివరికి నిసేఫోరా ఆమె రెండు చేతులూ పట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా అంది. "చావు కాదు. అర్థమైందా? చావు కాదు. కానీ ఇది నా నోటితో వినకు. డాక్టరమ్మని అడుగు. నీ నోటితో అడుగు. అడగడం నేను నేర్పుతా."

ఆ పాఠం షాలిక్ పక్కనే, బండిలో, అతను వింటుండగానే నడిచింది. నిసేఫోరా ఒళ్ళోని గంప మీద తట్టి, "ఇందులో ఏముంది?" అనేది. "రొయ్యలు" అనేది కాతల్. సంచీ తట్టి, "ఇందులో ఏముంది?" "ఉన్ని." తర్వాత తిరగేసి, కాతల్ అడగాలి, నిసేఫోరా చెప్పాలి. "ఇందులో ఏముంది?" "బీన్స్." "ఇందులో ఏముంది?" "నా పాత చెప్పులు, ముక్కు మూసుకో!" షాలిక్ కూడా నవ్వేవాడు. "పర్లేదే, పుయెబ్లాలో పనికొస్తుంది" అనేవాడు. ఒకచోట అతను టైరు చూసుకోవడానికి దిగినప్పుడు, నిసేఫోరా వేలితో కాతల్ పొట్టని తాకి, కనుబొమలెత్తింది. షాలిక్ ఎక్కడున్నాడో కాతల్ అద్దంలోంచి చూసుకుంది. "నాలో ఏముంది?" అంది, గాలి వదిలినంత మెల్లగా. "గట్టిగా" అంది నిసేఫోరా. "నాలో ఏముంది?" "డాక్టరమ్మకి చెవుడనుకో." "నాలో ఏముంది!" బయట షాలిక్ తలెత్తి చూశాడు. ఇద్దరూ ఒక్కసారిగా రొయ్యల గంప వైపు వంగారు.

తెవాకాన్ చేరేసరికి క్లచ్ పోయింది. మెకానిక్ బండి కిందకి దూరి చూసి, సాయంత్రం దాకా పడుతుందన్నాడు. షాలిక్ విసుక్కుంటూ అక్కడే ఒక డబ్బా మీద కూర్చున్నాడు. "సబ్బు కొనుక్కొస్తాం" అని నిసేఫోరా కాతల్‌ని లేవదీసింది. వీధి చివర మందుల దుకాణం, దాన్నానుకునే చిన్న డాక్టరు గది. లోపలికి పిలిచేదాకా కాతల్ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు అనుకుందో. అనుకున్నకొద్దీ అది అరిగిపోయి, అసలు మాటలేనా అన్నట్టు తయారైంది. లేచి పారిపోదామనిపించింది. తెలియకపోతే ఇప్పటిదాకా ఉన్నట్టే ఉండొచ్చు. తెలిశాక ఎలా ఉండాలో తెలీదు. కానీ పిలుపొచ్చింది.

డాక్టరు వయసులో చిన్నదే, అలిసిన మొహం. బల్లమీద సగం తిన్న అరటిపండు. ఆమె కాతల్ బట్టలు చూసి, చూపు నేరుగా నిసేఫోరా మీదికి తిప్పింది. "ఈవిడకేమైందమ్మా?"

"నన్నడుగుతావేం తల్లీ? నేను రొయ్యలమ్ముకునేదాన్ని" అని నిసేఫోరా గోడమీద వేలాడుతున్న కేలండర్ వైపు తిరిగి కూర్చుంది.

కాతల్ ముందుకి జరిగి కూర్చుంది. "నాతో మాట్లాడు" అంది. "నేను కాతల్. నాలో ఏముంది? బిడ్డ పుట్టింది, ఆస్పత్రి. ఏదో పెట్టారు. నా భర్తకి తెలుసు. నాకు తెలీదు. మళ్ళీ బిడ్డ లేదు. నాలో ఏముంది?"

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో మాటా విడదీసి, వేళ్ళతో చూపిస్తూ అడగడం మొదలుపెట్టింది. కాతల్‌కి తెలియని మాట వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపితే, విసుక్కోకుండా ఇంకోలా చెప్పింది. తర్వాత తెర వెనక్కి తీసుకెళ్ళి పడుకోబెట్టి చూసింది. చల్లటి ఇనుము తగిలితే కాతల్ పళ్ళు బిగించింది. తెర అవతలి నుంచి నిసేఫోరా ఏదో పాత జపోటెక్ పాట గొణుగుతోంది, తను ఇక్కడే ఉన్నానని తెలియడానికి కాబోలు.

"దారాలు కనిపిస్తున్నాయి" అంది డాక్టరు.

దారం. ఆ భాషలో ఆమె మొట్టమొదట నేర్చుకున్న మాట అది. "దారాలా? నాలోనా?"

లేచి కూర్చున్నాక డాక్టరు సొరుగులోంచి ఒక చిన్న పొట్లం తీసి, చించి, ఆమె అరచేతిలో పెట్టింది. పాష్కు చెవిపోగుకంటే కాస్త పెద్దది. తెల్లటి చిన్న కొయ్యలాంటిదానికి రాగి తీగ చుట్టి ఉంది, చివర రెండు సన్నటి దారాలు. "ఇలాంటిది. బిడ్డలు పుట్టకుండా. నీకు చెప్పలేదా? నిన్నడగలేదా?" అంది. అడిగేటప్పుడు ఆమె మొహం ఎర్రబడింది.

కాతల్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇంతేనా? ఈ చీపురుపుల్ల ముక్క కోసమా ఇన్నేళ్ళు? అత్త కాచి పోసిన చేదు కషాయాలు, తాగినవెంటనే కక్కుకుంటే మళ్ళీ నింపిన గిన్నె. ఆవిరి గదిలో ఊపిరాడక గోడలు గోకడం. నాడి చూసే మనిషి ముందు కొవ్వొత్తుల వేడిలో మోకాళ్ళ మీద కూర్చోవడం. ఆ మనిషి దగ్గరికి నల్ల కోడిపెట్టని చంకలో పెట్టుకుని మోసుకొచ్చింది షాలికే. దాని మెడ విరుస్తుంటే తల దించుకుని నిలబడ్డాడు, తర్వాత దాని పులుసు తాగాడు. తోడికోడలికి మూడోవాడు పుట్టిన రోజు తను చేతులు చాచితే అత్త అడ్డం వచ్చి, "ఎండిన చెయ్యి తగలనీకు" అంది. షాలిక్ అక్కడే ఉన్నాడు. బూట్లకంటిన బురద పుల్లతో గీక్కుంటున్నాడు. అతనికి తెలుసు. ఒక్క మాటతో ఆపగలిగినవాడు ఒక్క మాటా ఆడలేదు. అందరి తరఫునా మాట్లాడే మనిషి.

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. వచ్చింది కోపమే. ఆ కోపం కింద ఇంకోటేదో కదులుతోంది, చూస్తే అది ఊరట. ప్రతి నెలా గుడ్డలు వాగులో ఉతుక్కుంటూ అత్త కంటపడతానేమోనని వణికేది. అదే సమయంలో, ఆ రెండు రోజుల నొప్పులు మళ్ళీ పడక్కర్లేదు ఈ నెలకి, అని ఎవరికీ చెప్పుకోలేని నెమ్మది. ఆ నెమ్మదికి సిగ్గుపడి ఇంకో గిన్నె కషాయం అడిగి మరీ తాగేది. తనకి ఇంకో బిడ్డ కావాలా? ఎవరూ అడగలేదు. తనని తనూ అడగలేదు.

"తీసెయ్యమంటావా?" అంది డాక్టరు, చేతితో లాగినట్టు చూపిస్తూ.

"తీస్తే?"

"బిడ్డ పుట్టొచ్చు. మళ్ళీ పుడితే ప్రమాదమా కాదా అన్నది ముందు పరీక్షలు చేసి చూడాలి."

"ఉంటే?"

"పుట్టరు. ఇంకొన్నేళ్ళు బాగానే పనిచేస్తుంది."

"ఎప్పుడు తియ్యాలి?"

"నువ్వడిగిన రోజు. ఇక్కడైనా, మీ ఊరి దగ్గరైనా."

"నా భర్త?"

"అతనితో పనిలేదు. నువ్వు చెప్తే చాలు."

కేలండర్ వైపు తిరిగిన నిసేఫోరా పాట ఆపేసింది. కాతల్ అరచేతిలోని వస్తువుని బల్లమీద, అరటిపండు పక్కన పెట్టింది.

"ఇవాళ వద్దు" అంది. మాట కోసం వెతుక్కోలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి షాలిక్ ఫోనులో మాట్లాడుతున్నాడు. రోజూ ఆ వేళకి అత్త చేస్తుంది. నూనె మరకల మధ్య నిలబడి, "ఆఁ అమ్మా, తిన్నాం అమ్మా" అంటున్నాడు. ఫోను లోంచి అత్త గొంతు, పొయ్యి దగ్గర కోళ్ళ గోల, వాటి వెనక పాష్కు ఎవరితోనో దెబ్బలాడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. కాతల్ దగ్గరికెళ్ళి చెయ్యి చాచింది. కూతురితో మాట్లాడుతుందనుకుని ఇచ్చాడు.

"అత్తా, నేను. పాష్కు పుట్టిన రోజున ఆస్పత్రిలో నా కడుపులో రాగి ముక్క పెట్టారు, పిల్లలు పుట్టకుండా. నీ కొడుకు సరేనన్నాడు. నాకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఇప్పుడే డాక్టరు చూసి చెప్పింది. నేనే అడిగాను. నేను ఎండిపోలేదత్తా."

అత్త దగ్గింది. "ఎంత కషాయం పోశాను నీకు" అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత, "ఫోను వాడికియ్యి."

షాలిక్ బండి అవతలికి పోయి, వాళ్ళ వైపు వీపు పెట్టి మాట్లాడాడు. "అమ్మా, అది కాదమ్మా..." అనడం నాలుగైదుసార్లు వినబడింది. నిసేఫోరా రొయ్యల గంపకి గుడ్డ కట్టడం మొదలుపెట్టింది, కట్టిన ముడినే విప్పి మళ్ళీ కడుతూ. మెకానిక్ బండి కింద చప్పుడు చెయ్యడం మానేశాడు.

షాలిక్ తిరిగొచ్చినప్పుడు మొహంలో రంగు లేదు. "నువ్వప్పుడు చచ్చేదానివే" అన్నాడు. "ఇంకో కాన్పయితే బతకదన్నాడు డాక్టరు. నీ మంచికేగా ఒప్పుకున్నాను?"

"అది నాకు చెప్పాల్సిన మాట."

"చెప్తే వద్దంటావేమోనని. తర్వాత చెబుదామనుకుంటే... అమ్మకి తెలిస్తే ఊరుకుంటుందా? ఆవిడ అనే మాటలు నేను పడలేను కాతల్."

"నేను పడ్డాను" అంది కాతల్.

అతను చేతిలోని ఫోనుని జేబులో పెట్టుకోబోతే అది జేబులోకి పోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. బండి కింద నుంచి మెకానిక్ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, అవి కదలడం లేదు.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "దాన్ని తీయించేద్దాం. అమ్మ కూడా అదే అంటోంది. ఆ డాక్టరెక్కడ? పద, నేను మాట్లాడతాను."

"ఆవిడ నన్నడిగింది. నేను జవాబు చెప్పేశాను."

"ఏమని చెప్పావు?"

కాతల్ తలుపు తీసి బండెక్కింది. ఈసారి మధ్యలోకి జరగలేదు, కిటికీ పక్కనే కూర్చుంది. షాలిక్ కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద చెయ్యేసి, మళ్ళీ అడిగాడు. "చెప్పవే. ఏమన్నావు ఆవిడతో?"

"అది నాకూ ఆవిడకీ మధ్య మాట" అంది కాతల్.